లెక్కలోకి రాని అడుగు

మెడలో ఎప్పుడూ ఒక నల్ల ఈల వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ ఈలక్క అంటారు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పిలిచేవాళ్ళు లేక అది మూలపడి చాలాకాలమైంది. ఆవిడ పనిచేసే చెప్పుల షాపు మేనేజరు కూడా "ఈలక్కా, పై అరలో ఆ నల్ల బూట్లు ఓసారి దించుతారా" అనే అడుగుతాడు. వచ్చినవాళ్ళ ముందు చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, పాదం కొలిచి, జోడు తొడిగి, నాలుగడుగులు నడిపించి చూడడం ఆవిడ పని. నడక చూడగానే చెప్పేస్తుంది, మీకు ఎడమ బొటనవేలు నొక్కుతోంది, మొహమాటపడకండి, ఒక సైజు పెంచుదాం అని. ఒప్పుకోనివాళ్ళు పంతానికి చిన్న సైజే కొనుక్కుపోయి, మర్నాడు కుంటుకుంటూ వచ్చి మార్చుకుంటారు. అప్పుడు ఈలక్క ఒక్క మాట అనదు. అనాల్సినదంతా ఆవిడ మొహమే అనేస్తుంది.

రోజంతా పాదాలు చూసి చూసి, అప్పటికీ తనివి తీరనట్టు, సాయంత్రాలూ సెలవులూ కూడా పాదాలు చూడడానికే పోతుంది. ఆవిడ బాస్కెట్‌బాల్ రెఫరీ. చిన్నప్పుడు తనూ ఆడేది. ఓసారి మోకాలికి దెబ్బ తగిలి బయట కూర్చుని ఉంటే, రావలసిన రెఫరీ రాలేదని ఎవరో చేతిలో ఈల పెట్టి "ఈ ఒక్కపూటకి నువ్వు ఊదమ్మా" అన్నారు. ఆ ఒక్కపూట ఇరవై ఏళ్ళు దాటి ఇంకా గడుస్తూనే ఉంది. కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతావని అత్తగారు దెప్పితే, "కట్టుకున్నా అత్తయ్యా, అరిగిపోతే మా షాపులో ఇంకోటి ఇస్తారు" అంటుంది.

బయటనుంచి చూసేవాళ్ళకు రెఫరీలంతా ఒకటే. ఊదుతారు, తిట్లు తింటారు, ఇంటికి పోతారు. లోపలికి వెళ్తే తెలుస్తుంది అందులో ఎన్ని మెట్లున్నాయో. అన్నిటికన్నా కింద బడిపిల్లల ఆటలు. సిమెంటు కోర్టు, వెలిసిపోయిన గీతలు, ఓ పక్క వల లేని రింగు. ఎంతసేపట్లో బంతి వెయ్యాలో చెప్పే గడియారం కూడా ఉండదు. దానిపైన కంపెనీల లీగు. అక్కడ చెక్కనేల, పైన కప్పు, రింగు మీద ఎర్రటి అంకెల గడియారం. అన్నిటికన్నా పైన పెద్ద లీగు. అక్కడ ఒక్క ఆటకు ముగ్గురు రెఫరీలు. అనుమానం వస్తే ఆట ఆపి, తెర మీద మళ్ళీ మళ్ళీ చూసుకునే వీలుంటుంది. చొక్కా ప్యాంటూ వాళ్ళే ఇస్తారు. ఈలక్క మొదటి మెట్టు మీదా రెండో మెట్టు మీదా కలిపి జీవితమంతా పరుగెత్తింది గానీ, మూడోదాని మీద కాలు పెట్టలేదు.

పెట్టాలని మాత్రం ఉండేది. ఎవరితోనూ అనేది కాదు. టీవీలో పెద్ద లీగు వస్తున్నప్పుడు ఆట వదిలేసి రెఫరీలు ఎక్కడ నిలబడుతున్నారో చూసేది. ఆడే ఇద్దరి మధ్య సందు కనబడేలా వాళ్ళు పక్కకు ఒక అడుగు జరిగితే "ఆఁ, అదీ" అనేది. పక్కన కూర్చున్న భర్త ఎవరో బంతి వేశారనుకుని చప్పట్లు కొట్టేవాడు.

ఈ ఏడాది ఆ తలుపు కాస్త తెరుచుకుంది. పెద్ద లీగుకు కొత్తగా కొందరు ఆడ రెఫరీలను తీసుకుంటామన్నారు. కంపెనీల లీగులో ఒక ఆట ఊదుతుండగా పరిశీలకురాలు వచ్చి చూసి మార్కులు వేస్తుంది. నలభై ఐదు దాటినవాళ్ళను మాత్రం కొత్తగా తీసుకోరు. ఈలక్కకు ఈ ఏడాదితో నలభై ఐదు నిండుతాయి. ఈసారి కాకపోతే ఇక లేనట్టే. పరిశీలకురాలు వచ్చే తేదీ ఒక శనివారం సాయంత్రానికి పడింది.

సరిగ్గా ఆ సీజన్లోనే పైవాళ్ళు అడుగుల రూలు మార్చారు.

రూలు చెప్పుకోవడానికి పెద్ద కష్టమేమీ లేదు. పరుగెడుతూ బంతి అందుకున్న మనిషి రెండడుగులు వెయ్యొచ్చు, మూడో అడుగు నేలను తాకేలోగా బంతి చెయ్యి వదిలెయ్యాలి. తాకిందా, ట్రావెలింగ్, ఈల. ఇంతకుముందు బంతి చేతికి చిక్కిన క్షణంలో నేలమీదున్న పాదం కూడా ఆ రెండింట్లోకే వచ్చేది. ఇప్పుడు దాన్ని లెక్కపెట్టొద్దు, ఆ తర్వాత పడ్డవే లెక్క అన్నారు. అంటే పాత కంటికి మూడుగా కనిపించేది కొత్త లెక్కలో రెండే. అందరికీ ఒక్కసారే మార్చి ఉంటే ఏ గొడవా లేదు. కంపెనీల లీగూ పెద్ద లీగూ ఈ ఏడాదే అమలు చేశాయి. బడుల కమిటీ మాత్రం కోచ్‌లకు శిక్షణ ఇచ్చాక వచ్చే ఏడు చూద్దామంది. పెద్ద లీగు రెఫరీకి బాధ లేదు, అతనికి ఉన్నది ఒకే రూలు. వీడియోలు చూపిస్తారు, హోటల్లో కూర్చోబెట్టి నేర్పిస్తారు. ఊళ్ళో బడిపిల్లలకే ఊదే డ్రిల్లు మాస్టారికీ బాధ లేదు, అతను పాతదాంతోనే వెళ్ళదీస్తాడు. పొద్దున ఇక్కడా సాయంత్రం అక్కడా పరుగెత్తే ఈలక్కలాంటివాళ్ళే మధ్యలో నలిగిపోయేది. రూలు మార్చే గదిలో ఇలాంటివాళ్ళు ఒక్కరైనా కూర్చుని ఉంటే బాగుండును, కానీ ఆ గదిలో కుర్చీలు మనం వేసినవి కాదు.

మొదటి వారంలోనే కంపెనీల ఆటలో శుభ్రమైన బుట్ట ఒకటి పడుతుంటే ఈలక్క ఈల ఊదేసింది. ఊదాక గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా కన్ను చూడగానే మెదడును అడగకుండా ఊపిరి దానంతటదే ఈలలోకి పోయే అలవాటు. ఆ ఆటగత్తె రెండు చేతులూ చాచి "మేడమ్, కొత్త రూలు!" అంది. ఈలక్కకు తల కొట్టేసినట్టయింది. పరిశీలకురాలి ముందు ఇలా జరిగితే ఏం గతి?

అందుకని ఇంట్లో సాధన మొదలైంది. వాళ్ళ ఫ్లాటులో తలుపు దగ్గర్నుంచి బాల్కనీ దాకా పొడుగాటి నడవా ఉంది. ఆ చివర భర్తకు ఒక దిండు ఇచ్చి నిలబెట్టింది. ఆయన బస్సు డ్రైవరు. కూర్చుని చేసే ఉద్యోగం కావడంతో బొజ్జ కాస్త ముందుకు వచ్చింది.

"ఏవండీ, దిండు పైకి విసురుకుంటూ పరుగెత్తుకు రండి. పట్టుకున్నాక రెండడుగులు వేసి నామీదికి విసరండి."

"ఎడంకాలు ముందా, కుడికాలు ముందా?"

"అది నేను చూసుకుంటాను. మీరు ఆలోచిస్తే పడిపోతారు."

ఆయన ఆలోచించాడు, పడిపోయాడు. కింది వాటా ఆయన వచ్చి తలుపు కొట్టి ఏమైందని అడిగితే, "ఏం లేదండీ, మా ఆవిడ నాకు నడక నేర్పుతోంది" అన్నాడు. ఈలక్క నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులయ్యేసరికి అత్తగారు కూడా కుర్చీ లాక్కుని నడవా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. టీవీలో సీరియల్ మానేసి మరీ. కొడుకు దిండుతో పరుగెత్తుకొస్తుంటే కళ్ళద్దాలు సర్దుకుని, ఈలక్క నోరు తెరిచేలోగానే "తప్పు!" అనేది.

"కాదత్తయ్యా, దిండు చేతికి చిక్కినప్పుడు ఎడంకాలు కిందే ఉంది. దాన్ని వదిలేయాలి. తర్వాత కుడి, ఎడమ. రెండే."

"కిందున్న కాలు కిందున్నట్టే కదే అమ్మాయ్. వదిలేయడమేంటి?"

"పైవాళ్ళు వదిలేయమన్నారు."

"మరి పొద్దున పిల్లల ఆటలో?"

"అక్కడ వదలకూడదు."

ఆవిడ కోడల్ని ఎగాదిగా చూసింది. "పొద్దున తప్పైంది సాయంత్రానికి ఒప్పు అవడం ఏంటో! మా రోజుల్లో తప్పు చేస్తే చచ్చేదాకా తప్పే." అంటూనే కొడుకు వైపు తిరిగి "ఏరా, ఆగిపోయావేం, మళ్ళీ పరుగెత్తు" అంది.

అలా నెలన్నర. ఈలక్క కన్ను మెల్లమెల్లగా మారింది. షాపులో ఎవరైనా గుమ్మం దాటి లోపలికి వస్తుంటే, గుమ్మం మీద ఉన్న పాదాన్ని వదిలేసి తర్వాతవి లెక్కపెట్టుకునేది. బస్సెక్కేవాళ్ళను, మెట్లు దిగేవాళ్ళను, అందర్నీ. ఒకప్పుడు మూడుగా కనిపించినది ఇప్పుడు రెండుగానే కనిపించసాగింది. అంతేకాదు, అందంగా కూడా కనిపించసాగింది. ఆ లెక్కలోకి రాని అడుగులో మనిషి బంతిని ఒడిసిపట్టి, ఒళ్ళంతా కుదురుచేసుకుని, ఎటు తిరగాలో నిర్ణయించుకుంటాడు. ఇన్నాళ్ళూ దాన్ని ఈలతో నరికేస్తూ వచ్చానే అని ఒక్కోసారి మనసు చివుక్కుమనేది.

ఆ శనివారం రానే వచ్చింది. పరిశీలకురాలు చూసే ఆట సాయంత్రం. పొద్దున బడుల టోర్నమెంటులో పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల ఫైనల్ ఉంది. ఆ పూట మానుకోవే, కాళ్ళు అలిసిపోతాయి అని భర్త అన్నాడు. ఫైనల్‌కి రెఫరీ దొరక్క వాళ్ళు అల్లాడుతున్నారని ఈలక్క వినలేదు. జతగా ఊదడానికి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆవిడకన్నా పదేళ్ళు చిన్న, ఆవిడ దగ్గరే ఈల పట్టడం నేర్చుకున్నాడు, అక్కా అని ప్రాణం పెడతాడు.

నీలం చొక్కాల బడీ పసుపు చొక్కాల బడీ. నీలం జట్టులో బక్కగా, మోకాళ్ళు రెండూ గీసుకుపోయి ఉన్న పిల్ల ఒకతె ఉంది. తోటిపిల్లలు పిట్టా పిట్టా అని అరుస్తున్నారు. చొక్కా మోకాళ్ళదాకా వేలాడుతోంది. బూట్లు ఎవరో పెద్దవాళ్ళవి, ఒక సైజు పెద్దవి. షాపు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఈలక్క అది ముందే పట్టేసింది. ఆ బూట్లతో ఈ పిల్ల పడకుండా ఉంటే గొప్పే అనుకుంది కూడా.

ఆట చివరికొచ్చేసరికి పసుపు జట్టు ఒక్క పాయింటు ముందుంది. పదో పన్నెండో సెకన్లు మిగిలాయి. పిట్టకు బంతి అందింది. ఎదురుగా తనకన్నా రెండింతలున్న పిల్ల చేతులు చాపి నిలబడింది. పిట్ట ఎడమకు పోతున్నట్టు వంగి, బంతిని రెండు చేతుల్లోకి తీసుకుంటూనే ఒక పాదాన్ని నేలకు ఆనించి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, కుడికి పొడుగాటి అంగ వేసి, ఇంకో చిన్న అడుగుతో గాల్లోకి లేచింది. పెద్దపిల్ల ఎడమవైపే చేతులు చాపుకుని ఉండిపోయింది. బంతి రింగు వెనక పలకకు మెత్తగా తగిలి లోపల పడింది.

ఈలక్క పక్కనే ఉంది. సందు చక్కగా కనిపించేచోట, టీవీలో వాళ్ళు నిలబడేచోటే నిలబడి ఉంది. ఈల పెదాల మధ్యే ఉంది. ఊదలేదు. రెండు వేళ్ళు దించి, రెండు పాయింట్లు ఇచ్చింది. పసుపు జట్టు కంగారుగా విసిరిన బంతి రింగును కూడా తాకలేదు. ఆట అయిపోయింది. నీలం పిల్లలు పిట్టను ఎత్తేసుకున్నారు.

అప్పుడు పసుపు జట్టు కోచ్ లేచి వచ్చాడు. లావుపాటి డ్రిల్లు మాస్టారు. అరవలేదు, చేతులు ఊపలేదు. అదే ఈలక్కను ఎక్కువ భయపెట్టింది.

"మేడమ్, అది మూడడుగులు. సాయంత్రం లీగులో అయితే మీరన్నదే రైటు. ఇది బడుల టోర్నమెంటు."

నెలన్నరగా ఆవిడ సాయంత్రం చెయ్యబోయే తప్పుకే భయపడింది గానీ, పొద్దున చెయ్యగల తప్పొకటి ఉంటుందని ఊహించనేలేదు.

కమిటీ వాళ్ళ గది అంటే ఆ బడిలో సామాన్లు పెట్టుకునే గది. చుట్టిపెట్టిన చాపలు, గాలిపోయిన బంతులు, ఒక బల్ల. సెక్రటరీగారు గొంతు సవరించుకుని, ఈలక్కను కూర్చోమని, తలుపు దగ్గరికి వేశాడు. మనిషి మంచివాడే, గొడవలంటే గిట్టదు.

"చూడమ్మా, విషయం చిన్నదే. రెఫరీ కంటికి ఆనలేదనుకో, అది మన తీర్పు. దానిమీద ఎవరూ నోరెత్తడానికి లేదు, ఫలితం ఫలితమే. అలాకాకుండా, చూసి, వేరే రూలు ప్రకారం వదిలేశారనుకో, అప్పుడు ఇది రూలు తప్పు. ఆ చివరి సెకన్లు మళ్ళీ ఆడించాలి. పైకి రిపోర్టు పంపాలి. విచారణ అయ్యేదాకా మిమ్మల్ని ఏ ఆటకీ పెట్టడానికి వీల్లేదు." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఇవాళ సాయంత్రం మీకేదో ముఖ్యమైన ఆట ఉందట కదా. మీరు చూడలేదంటే ఇక్కడితో అయిపోతుంది. నేనేం రాసుకోలేదింకా."

ఈలక్క మొహం కడుక్కుని వస్తానని లేచింది.

కుళాయి దగ్గర ఎలక్ట్రీషియన్ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. చూడలేదని ఒక్క మాట అను. అందరూ అనేదే. మొన్న నేనన్లేదా? నువ్వు మాత్రం ఎప్పుడూ అన్లేదా?"

"అన్నాను తమ్ముడూ. నిజంగా చూడనప్పుడు అన్నాను, చూసీ అన్నాను."

"మరింకేం? పెద్ద లీగు అక్కా! నీ తర్వాత మా అందరికీ దారి పడుతుంది. ఆ పసుపు పిల్లలకి వచ్చే ఏడు ఇంకో కప్పు వస్తుంది. నీకు ఇంకో ఏడు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అతను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఈలక్క కుళాయి కట్టేసి, చెంగుతో మొహం తుడుచుకుందామని చూసుకుంటే ఒంటిమీద ఉన్నది రెఫరీ చొక్కా. చేత్తోనే తుడుచుకుంది. కొంచెం దూరంలో మెట్ల మీద పసుపు పిల్లలు బూట్లు విప్పేసి, మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. ఇంకోవైపు పిట్ట ఎవరిదో ఫోనులో నవ్వుతూ ఫోటో దిగుతోంది.

గదిలోకి వెళ్ళేటప్పుడు "కనబడలేదండీ" అని చెప్పాలనే వెళ్ళింది. ఆ మాట నోట్లో సిద్ధంగానే ఉంది. సెక్రటరీగారు "ఆఁ, చెప్పండమ్మా" అన్నాడు. డ్రిల్లు మాస్టారు నిలబడి ఉన్నాడు, ఆవిడవైపు కాకుండా చాపలవైపు చూస్తూ. ఇబ్బంది పెట్టకూడదని కాబోలు. ఈలక్క నోరు తెరిచింది.

"చూశానండీ. మొత్తం చూశాను. కొత్త రూలు ప్రకారం వదిలేశాను."

అనేశాక తనే ఉలిక్కిపడింది. ఎందుకు అన్నానో తనకే అంతుపట్టలేదు. నిజాయితీ అందామంటే, లోపలికి వచ్చింది అబద్ధం చెప్పడానికే కదా. సెక్రటరీగారు నిట్టూర్చి, ఫోను తీసి, గుమ్మం బయటికి వెళ్ళి మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆట ఇంకొకరికి పోయింది.

చివరి సెకన్లు మళ్ళీ ఆడించారు. పిట్ట వేసిన బుట్ట రద్దు. బంతి పసుపు జట్టుకు. ఈలక్క ఊదడానికి లేదు కాబట్టి ఎలక్ట్రీషియన్ ఒక్కడే ఊదాడు. ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది. ఈల మెడలోంచి తీసి సంచీలో వేసేసింది. మెడ బోసిగా, ఎవరిదోలా అనిపించింది.

నీలం పిల్లలకు ఏం జరిగిందో సగం అర్థమైంది, సగం కాలేదు. ఫోటోలు దిగేసినవాళ్ళు మళ్ళీ చొక్కాలు సర్దుకుని రావలసివచ్చింది. పసుపు జట్టు బంతిని లోపలికి విసిరింది. ఇక వాళ్ళు దాన్ని కాసేపు పట్టుకుని ఉంటే చాలు. ఎక్కణ్ణుంచి వచ్చిందో పిట్ట మధ్యలో చెయ్యిపెట్టి బంతి లాగేసుకుంది. అందరూ లేచి నిలబడ్డారు. ఈలక్క కూడా లేచింది. పిల్ల పరుగెత్తింది, రింగు దగ్గరికి వచ్చింది, ముందు అడ్డం ఎవరూ లేరు. బంతిని రెండు చేతుల్లోకి తీసుకుంటూ పాదం ఆనించింది. అక్కడ ఆగిపోయింది. గుర్తొచ్చినట్టుంది. వెయ్యబోయిన అంగ వెయ్యకుండా కాలు వెనక్కి లాక్కుని, ఉన్నచోటునుంచే కుదురులేకుండా ఎగిరింది. బంతి రింగు అంచును తాకి బయట పడింది. గంట మోగింది.

పసుపు పిల్లలు కేరింతలు కొట్టారు. డ్రిల్లు మాస్టారు వచ్చి ఈలక్కకు చెయ్యి కలిపి, తలూపి వెళ్ళిపోయాడు. ఎలక్ట్రీషియన్ అక్క మొహంలోకి చూడకుండా బంతులు ఏరాడు. ఈలక్క భర్తకు ఫోను చేసి "సాయంత్రం నేను వెళ్ళట్లేదండీ, ఇంటికి వచ్చాక చెప్తా" అంది. అవతల బస్సు హారన్లు వినిపించాయి. ఆయన ఏమీ అడక్కుండా "సరే, త్వరగా వచ్చేస్తాను" అన్నాడు.

ఆవిడ బూట్ల తాళ్ళు విప్పుకుంటుంటే, ముందు రెండు పెద్ద బూట్లు వచ్చి ఆగాయి. తలెత్తి చూసింది. పిట్ట. ఏడవలేదు. కోపంగా ఉంది, కోపం ఎలా చూపించాలో తెలియనట్టు చొక్కా అంచు పిండుతోంది.

"ఆంటీ, నేను వేసింది తప్పా?"

"ఇవాళ ఇక్కడ తప్పు. వచ్చే ఏడు ఇక్కడ కూడా ఒప్పే."

"వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుంది. ఈ కప్పు ఆడలేను."

ఈలక్క నాకూ దాటిపోతుందమ్మా అనబోయి, పిల్ల ముందు ఆ గోల ఎందుకని ఊరుకుంది. "నీకా అడుగు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"ఎవరూ నేర్పలేదు. ఫోన్లో చూసి మా మేడమీద నేర్చుకున్నా. సెలవులంతా." పిల్ల చొక్కా అంచు వదిలేసింది. "చూడలేదని చెప్తే సరిపోయేదంట కదా. మా సార్ అన్నారు. చెప్తే మాకే కప్పు వచ్చేదంట. మీక్కూడా ఏం అయ్యేది కాదంట. ఎందుకు చెప్పలేదు ఆంటీ?"

ఈలక్క ఆ పిల్ల పాదాల వైపు చూసింది. గదిలో తన నోట్లోంచి ఆ మాట ఎందుకు వచ్చిందో అప్పటిదాకా ఆవిడకు నిజంగానే తెలియదు. అడిగిన పిల్లకు జవాబు చెప్పబోతుంటే తెలిసింది.

"చూశానే తల్లీ. ఇరవై ఏళ్ళకు పైగా జనం పాదాలే చూస్తున్నా. అంత చక్కటి అడుగు నా కళ్ళముందు ఎప్పుడూ పడలేదు. నీ ఒంట్లో ఎక్కడా కంగారు లేదు. ఆ పెద్దపిల్ల అటు పోయింది, నువ్వు ఇటు పోయావు, నేను ఊపిరి పీల్చడం మర్చిపోయా. అలాంటిదాన్ని పట్టుకుని, నేను చూడలేదు, నా కంటికి ఆనలేదు అని ఎలా చెప్పమంటావు?"

పిట్ట ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది, అబద్ధమేమోనని.

"నిజంగా బాగుందా?"

"నిజంగా."

ఓడినప్పుడు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. బెంచీ మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ వీపు మీద చెయ్యేసి ఈలక్క కూడా, చుట్టూ జనం చూస్తున్నా లక్ష్యపెట్టకుండా, ఏడ్చేసింది.